ఐరోపా రాజుల చివరి యాత్రలు: చెక్క కోటలు, మైనపు వత్తులు, నల్లబట్టలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఐరోపా పాత చర్చిల్లో రాతి సమాధులు చూసి, రాజుల అంత్యక్రియలంటే రాతిపని అనుకుంటాం. నిజానికి అంత్యక్రియల రోజున జనం చూసినది రాయి కాదు. చెక్క, గార, గుడ్డ, కాగితపు గుజ్జు, మైనం, వాటి మీద రంగు. కొద్ది వారాలు నిలిచి, పని అయ్యాక విప్పేసిన సరంజామా. పెళ్ళి పందిరి మర్నాడు ఎలా ఉంటుందో తెలిసిన మనకు ఈ కళ అర్థం కావడం కష్టమేమీ కాదు.

"దుఃఖదుర్గం" అంటే ఏమిటి?

లాటిన్‌లో కాస్ట్రమ్ డోలోరిస్ అంటారు, దుఃఖపు కోట అని అర్థం. చర్చి మధ్యలో శవపేటికను ఎత్తయిన వేదిక మీద ఉంచి, దాని చుట్టూ స్తంభాలు, పైన గోపురమో గొడుగో వచ్చేలా కట్టే తాత్కాలిక మండపం ఇది. వేదికను కాటఫాల్క్ అంటారు. మండపం నిండా వత్తులు, వంశచిహ్నాలు, చనిపోయినవారి గొప్పతనాన్ని పొగిడే లాటిన్ వాక్యాలు, ధైర్యం, న్యాయం, దానగుణం లాంటి గుణాలకు రూపం ఇచ్చిన స్త్రీమూర్తులు, పుర్రెలు, అస్థిపంజరాలు. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా రోము, మాడ్రిడ్, పారిస్, వియన్నా, క్రాకో అన్నిచోట్లా ఈ వాడుక ఉంది.

పాలరాతి మండపాలు అంత తొందరగా ఎలా కట్టేవారు?

పాలరాయి కాదు, పాలరాయిలా కనిపించే రంగు. వడ్రంగి చట్రం కట్టేవాడు, దాని మీద గుడ్డ బిగించేవారు, చిత్రకారుడు దాన్ని రాయిగానో కంచుగానో మార్చేవాడు. ఫ్రాన్స్ రాజసభలో ఈ పని మెన్యూ ప్లేజీర్ అనే శాఖ చూసేది. పేరుకు అర్థం "చిన్న చిన్న వినోదాలు". నాటకాల తెరలు, నృత్యాల వేషాలు, పెళ్ళిళ్ళ దీపాలు, రాజకుటుంబంలో చావులు, అన్నీ ఆ ఒక్క శాఖవే. నాటక వేషాలు గీసిన ఝాన్ బెరాన్ అనే చిత్రకారుడే 1687లో ప్రిన్స్ ద కొండే అంత్యక్రియలకు నోట్ర్‌డామ్ చర్చి లోపలంతా మార్చేశాడు. ఆ అలంకారానికి "దుఃఖ శిబిరం" అని పేరు. చనిపోయినవాడు సేనాని కదా, అందుకు శిబిరం. దాని మధ్య నిలబడి బోస్వే అనే బిషప్పు చేసిన ప్రసంగాన్ని ఫ్రెంచివాళ్ళు నేటికీ చదువుతారు. బెరాన్ కట్టినదాన్ని మాత్రం అచ్చు బొమ్మల్లో చూసుకోవలసిందే. 1680ల్లో మెనెస్ట్రియే అనే జెస్యూట్ పాదిరి అంత్యక్రియల అలంకారం ఎలా ఉండాలో చెప్పడానికి ఒక పుస్తకమే రాశాడు. అప్పటికి ఇదొక శాస్త్రం అయిపోయిందన్నమాట.

అచ్చు బొమ్మల సంగతి గుర్తుంచుకోవాలి. మండపం విప్పేసినా దాని చెక్కడపు బొమ్మలు అచ్చువేసి ఇతర రాజసభలకు పంపేవారు. ఈ కళ మనకు తెలిసిందంటే ఆ కాగితాల పుణ్యమే.

అన్ని వత్తులు ఎందుకు?

ఒక కారణం భక్తి, మరొకటి హోదా. గొడ్డు కొవ్వు వత్తులు చవక, తేనెమైనపు వత్తులు ఖరీదు. ఎన్ని వత్తులు వెలిగితే అంత డబ్బు కళ్ళముందే కరిగిపోతున్నట్టు. ఫ్రాన్స్‌లో ఇలా వత్తులతో నిండిన గదిని "మండే గుడి" అనేవారు.

ఇక్కడ ఒక మాట ముచ్చట ఉంది. శవాన్ని తీసుకెళ్ళే బండిని ఇంగ్లీషులో హర్స్ అంటారు. ఆ మాట పొలంలోంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో హెర్స్ అంటే మట్టిగడ్డలు చిదిపే పళ్ళ గొర్రు. గొర్రును తిరగేస్తే పళ్ళు పైకి లేస్తాయి. పళ్ళు పైకి ఉన్న అలాంటి చట్రానికి వత్తులు గుచ్చి శవపేటిక మీద నిలబెట్టేవారు. మొదట చట్రానికి ఉన్న పేరు తరువాత మండపానికి, చివరికి బండికి అంటుకుంది.

శవం బదులు బొమ్మను ఊరేగించేవారట, ఎందుకు?

రాజు అంత్యక్రియలకు ఏర్పాట్లు కావాలంటే వారాలు పడుతుంది. శవం అంతకాలం ఆగదు. సుగంధద్రవ్యాలు కూరినా నమ్మకం లేదు. కాబట్టి శవాన్ని సీసపు పెట్టెలో మూసి, పైన రాజు ఆకారంలో చెక్క బొమ్మను పడుకోబెట్టి, దానికి రాజు దుస్తులు, కిరీటం, దండం పెట్టేవారు. ఇంగ్లండులో ఇది 1327లో రెండో ఎడ్వర్డ్ అంత్యక్రియల్లో మొదట కనిపిస్తుంది.

లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో ఇవి కొన్ని మిగిలాయి. 1377లో పోయిన మూడో ఎడ్వర్డ్ బొమ్మ నిలువెత్తు చెక్కబొమ్మ. ముఖం చూడండి: నోరు ఒక పక్కకు జారి ఉంటుంది. పక్షవాతం వచ్చిన మనిషి ముఖం. శిల్పి దాన్ని సరిదిద్దలేదు. నాణేల మీద, సమాధి మీద ఉన్న గంభీరమైన రాజు వేరు, ఈ ముసలాయన వేరు. 1509 నాటి ఏడో హెన్రీ ముఖం శవం మీంచి నేరుగా తీసిన అచ్చు. మొదటి ఎలిజబెత్ బొమ్మ పాడైపోతే 1760లో మళ్ళీ చేశారు గాని, 1603లో ఆ బొమ్మకు తొడిగిన నడుముకట్టు మాత్రం దొరికింది. ఎవరికీ కనిపించని లోదుస్తు కూడా రాణికి తగినట్టే కుట్టారు.

తరువాతి కాలంలో ఈ బొమ్మల గతి ఏమయిందంటే, బీరువాల్లో దుమ్ము పట్టి, బట్టలు చిరిగి, చిల్లర పుచ్చుకుని జనానికి చూపించే వింతలయ్యాయి. లండన్ వాళ్ళు వాటికి "చింకిపాతల పటాలం" అని పేరు పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో నీటికి తడిసి కొన్ని ఒళ్ళు పోగొట్టుకున్నాయి.

ఆ బొమ్మకు భోజనం వడ్డించేవారన్నది నిజమేనా?

నిజమే, ఫ్రాన్స్‌లో. 1547లో మొదటి ఫ్రాన్స్వా పోయినప్పుడు ఆస్థాన చిత్రకారుడు ఫ్రాన్స్వా క్లూయే బొమ్మ తయారుచేశాడు. దాన్ని అలంకరించిన మంచం మీద పడుకోబెట్టి పదకొండు రోజులు పూటపూటా రాజభోజనం పెట్టారు. బల్ల పరిచారు, చేతులు కడగడానికి నీళ్ళు తెచ్చారు, మతగురువు భోజనాన్ని ఆశీర్వదించాడు, వంటకాలు వరుస తప్పకుండా వచ్చాయి, రాజు మామూలుగా తాగే సమయానికి మద్యం పాత్ర అందించారు. ఆ తరువాత అన్నం బీదలకు పంచారు.

నాకు భోజనంకన్నా గది ఆసక్తిగా అనిపిస్తుంది. బొమ్మ ఉన్నంతకాలం ఆ గదిలో నలుపన్నది లేదు. అంతా నీలం, బంగారం. ఎందుకంటే ఆ బొమ్మ ఇంకా రాజే. భోజనాల గడువు తీరగానే బొమ్మను తీసేసి, రాత్రికి రాత్రి గదంతా నల్లబట్ట కట్టి, శవపేటికను బయట పెట్టారు. అప్పుడే రాజు చనిపోయినట్టు లెక్క.

ఈ వాడుక 1610లో నాలుగో హెన్రీతో ఆగిపోయింది.

అంతకాలం కొత్త రాజు ఎక్కడ ఉండేవాడు?

కనబడకుండా. రాజ్యానికి ఇద్దరు రాజులు ఒకేసారి కనిపించకూడదు కదా. బొమ్మ రాజుగా ఉన్నంతకాలం కొడుకు ఊరేగింపుకు రాడు. కొడుకే తలకొరివి పెట్టాలనుకునే మనకు ఇది విడ్డూరంగా ఉంటుంది గాని, అక్కడ కారణం రాజనీతి. ఊరేగింపులో పారిస్ ఉన్నత న్యాయస్థానం న్యాయమూర్తులు మాత్రం నలుపు వేసుకునేవారు కాదు, ఎర్రటి అంగీలతోనే నడిచేవారు. రాజు పోయినా న్యాయం పోదు, దానికి సూతకం లేదు అని వాళ్ళ వాదం. చివరికి సెయింట్ డెనీ చర్చిలో శవాన్ని నేలమాళిగలోకి దింపి, అధికారులు తమ దండాలు అందులో వేశాక, "రాజు మరణించాడు" అని ఒక కేక, వెంటనే "రాజు వర్ధిల్లాలి" అని మరో కేక.

ఇంగ్లండులో మరో నియమం ఉండేది: ప్రధాన శోకకర్త చనిపోయినవారి లింగానికే చెందాలి. అందుకే 1603 ఏప్రిల్ 28న ఎలిజబెత్ శవపేటిక వెనుక ప్రధాన స్థానంలో నడిచింది నార్తాంప్టన్ మార్క్విస్ విధవరాలు హెలీనా. వారసుడు జేమ్స్ ఆ రోజు అక్కడ లేడు.

శవమే లేకుండా అంత్యక్రియలు జరిగేవా?

ఎన్నో. చక్రవర్తి ఐదో చార్లెస్ 1558 సెప్టెంబరు 21న స్పెయిన్‌లోని యూస్తే మఠంలో పోయాడు. అతని సామ్రాజ్యంలోని పెద్ద నగరాలన్నీ ఎవరి అంత్యక్రియలు అవి చేసుకున్నాయి. మెక్సికో నగరంలో కూడా 1559లో ఒక పెద్ద మండపం కట్టారు. అన్నిటికన్నా ఘనంగా జరిగింది బ్రస్సెల్స్‌లో, డిసెంబరు 29న. వీధుల్లో ఒక ఓడ నడిచింది. కింద సముద్ర జంతువులు లాగుతున్నట్టు అమరిక, ఓడలో విశ్వాసం, ఆశ, ప్రేమ అనే మూడు మూర్తులు, వెనకాల చార్లెస్ చిహ్నమైన రెండు హెర్క్యులీస్ స్తంభాలు. కొడుకు రెండో ఫిలిప్ తలమీదుగా నల్లటి ముసుగు దించుకుని నడిచాడు. చక్రవర్తి పాలించిన దేశాల జెండాలన్నీ, ఒక్కో జెండాకు ఒక్కో నల్లగుర్రం చొప్పున, వరసగా సాగాయి. ఈ ఊరేగింపు మొత్తాన్ని ఆంట్‌వెర్ప్‌లో ప్లాంటాన్ అచ్చుశాల 1559లో పొడవాటి బొమ్మల పుస్తకంగా వేసింది. విప్పుతూ పోతే ఊరేగింపు కదిలినట్టే ఉంటుంది.

రాజులకేనా, కళాకారులకు చేసేవారు కాదా?

ఒక్కరికి మాత్రం రాజుకు చేసినట్టే చేశారు. మైకేలాంజెలో 1564 ఫిబ్రవరి 18న రోములో పోయాడు. రోము వాళ్ళు అక్కడే పాతుదామనుకున్నారు. బంధువులు శవాన్ని సరుకు మూటలా కట్టి గుట్టుగా ఫ్లోరెన్స్‌కు తరలించారు. పెట్టె తెరిస్తే మూడు వారాలు దాటినా వాసన రాలేదని, కళాకారుల జీవితచరిత్రలు రాసిన చిత్రకారుడు వసారి రాశాడు. వసారి తన గురువుల విషయంలో కొంచెం ఎక్కువ చేసి చెప్పేవాడని గుర్తుపెట్టుకుని నమ్మండి. జులై 14న సాన్ లోరెంజో చర్చిలో జరిగిన వేడుకకు చిత్రకారుల సంఘంలోని కుర్రవాళ్ళు కాటఫాల్క్ కట్టారు. ఏర్పాట్లు చూసే నలుగురిలో చెల్లీని అనే శిల్పి ఒకడు. శిల్పం గొప్పదా చిత్రం గొప్పదా అన్న వాదులాటలో అలిగి రాలేదు. మనిషి పోయినా చావు ఇంట్లో అలకలు పోవని తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

అలకలంటే గుర్తొచ్చింది, సెవిల్‌లో ఏం జరిగింది?

ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1598 సెప్టెంబరులో పోయాడు. స్పెయిన్‌లోని సెవిల్ నగరం తన కేథడ్రల్‌లో మహా మండపం కట్టింది. నవంబరు చివర్లో ప్రార్థనలు మొదలయ్యాయి. రాజు న్యాయస్థానం అధ్యక్షుడు తన ఆసనం మీద నల్లబట్ట పరిపించుకున్నాడు. అది తమ హోదాకు తక్కువ చేసినట్టని మతవిచారణ సంస్థవారు బట్ట తీయమన్నారు. ఆయన తీయనన్నాడు. వీళ్ళు చర్చి నుంచి బహిష్కరిస్తున్నామని ప్రకటించారు. పూజ మధ్యలో ఆగిపోయింది. పాదిరులు ఉన్నపాటున వెళ్ళిపోయారు, వత్తులు ఆరిపోయాయి, మండపం అలాగే నిలబడిపోయింది. తగువు మాడ్రిడ్ దాకా వెళ్ళి, చివరికి డిసెంబరు 30, 31 తేదీల్లో గాని పూజ పూర్తి కాలేదు.

ఆ నెలరోజులు ఊరంతా వచ్చి మండపాన్ని చూసింది. ఆ సమయంలో సెవిల్‌లో ఉన్న సెర్వాంటెస్ (డాన్ కిహోటే రాసినాయన) దాని మీద ఒక ఎగతాళి పద్యం రాశాడు. ఒక సిపాయి ఆ వైభవానికి నోరెళ్ళబెడతాడు, ఒక మీసాల రాయుడు వంతపాడతాడు, టోపీ సర్దుకుని, కత్తి తడుముకుని, ఓరగా చూసి వెళ్ళిపోతాడు. ఇంకేమీ జరగదు. చెక్క కోట గురించి అంతకన్నా చెప్పడానికి ఏముంది?

శవపేటికకు ముఖం అతికించేవారట, ఎక్కడ?

పోలండులో. 17, 18 శతాబ్దాల్లో అక్కడి భూస్వామ్య కులీనులు చనిపోయినవారి బొమ్మను తగరం, సీసం, రాగి రేకు మీద గీయించి, పేటిక తల వైపు ఉన్న ఇరుకు చెక్కకు మేకులతో కొట్టేవారు. పేటిక చివర ఆకారాన్ని బట్టి ఆ రేకులు ఆరు మూలలవి, ఎనిమిది మూలలవి. 1586లో పోయిన స్టెఫాన్ బాథోరి రాజుది మనకు తెలిసిన వాటిలో తొలిదని చెబుతారు.

వీటిని చూస్తే ఉలిక్కిపడతాం. పొగడ్త లేదు. గుండు చేసుకున్న తల, ముక్కు మీద పులిపిరి, ముడతలు, బొద్దు మీసాలు, కళ్ళు మాత్రం సూటిగా మనవైపే. పూజకు వచ్చినవాళ్ళందరినీ పోయినాయన పేటికలోంచి చూస్తున్నట్టు ఉండేది. పాతిపెట్టే ముందు రేకును ఊడదీసి చర్చి గోడకు తగిలించేవారు.

ఆ దేశపు మరో వింత, పోయినవాడి వేషం. కవచం తొడుక్కున్న ఒకడు గుర్రం మీద చర్చిలోకి దూసుకువచ్చి, మండపం ముందు బల్లెం విరగ్గొట్టుకుని దబ్బున కింద పడేవాడు. వీరుడు కూలిపోయినట్టు. ఆ వేషగాడిని ఆర్కిమిమస్ అనేవారు. మాట రోము నుంచి అరువు తెచ్చుకున్నదే. రోములో శవయాత్ర ముందు ఒక నటుడు పోయినవాడి నడక, మాట అనుకరిస్తూ సాగేవాడు. క్రీ.శ. 79లో వెస్పాసియన్ చక్రవర్తి పోయినప్పుడు ఫావోర్ అనే నటుడు ఆయన వేషం కట్టాడు. చక్రవర్తి పిసినారితనం లోకానికి తెలిసిందే. నటుడు అంత్యక్రియలకు ఎంత ఖర్చని అడిగాడు. కోటి సెస్టర్సులన్నారు. "నాకు లక్ష ఇచ్చేసి, నన్ను టైబర్ నదిలో పారేయండి" అన్నాడట.

ఇంటి గుమ్మం మీద వేలాడదీసే నల్లపలక ఏమిటి?

ఇంగ్లండు సంప్రదాయం. పేరు హాచ్‌మెంట్. చతురస్రపు పలకను మూల మీద నిలబెట్టి తగిలిస్తారు. దాని మీద వంశచిహ్నం. ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఇంటి ముందు ఉంచి తరువాత చర్చికి చేర్చేవారు. చదవడం తెలిస్తే దాని రంగే ఎవరు పోయారో చెబుతుంది. భర్త పోయి భార్య బతికి ఉంటే, చూసేవాడికి ఎడమవైపు సగం నలుపు, కుడి సగం తెలుపు. భార్య పోతే తారుమారు. మొత్తం నలుపైతే తోడు లేని మనిషి పోయినట్టు.

ఇదంతా హెరాల్డుల చేతిలో ఉండేది. వంశచిహ్నాల లెక్కలు చూసే రాజోద్యోగులు వాళ్ళు. ఏ హోదావాడికి ఎంతమంది శోకకర్తలు, ఎన్ని జెండాలు, అంగీకి ఎంత నల్లబట్ట అన్నది వాళ్ళు నిర్ణయించేవారు, రుసుము పుచ్చుకునేవారు. పని అయ్యాక మండపం మీది బట్ట, మైనం ఎవరికి చెందాలని వాళ్ళకూ చర్చివాళ్ళకూ తగాదాలు. ఈ బెడద తప్పించుకోవడానికే 17వ శతాబ్దంలో పెద్దింటివాళ్ళు రాత్రిపూట దివిటీల వెలుగులో పూడ్చిపెట్టడం మొదలుపెట్టారు. పగటి పద్ధతులు రాత్రికి వర్తించవు కదా. విచిత్రమేమిటంటే కొంతకాలానికి ఆ దివిటీల శవయాత్రే గొప్పింటి లక్షణం అయి కూర్చుంది.

నలుపే ఎందుకు? తెలుపు ఉండేది కాదా?

ఉండేది. ఫ్రాన్స్ రాణులు వైధవ్యంలో తెలుపు కట్టేవారు, స్కాట్లండు రాణి మేరీ తెల్లముసుగుతో ఉన్న బొమ్మ ప్రసిద్ధం. కాని మంచి నలుపు అద్దకం ఖరీదైన రోజుల్లో గోడ నుంచి గోడకు నల్లబట్ట పరచడమే సంపద చాటడం. దానితో నలుపు గెలిచింది.

పూలు ఉండవా?

పాత కాలంలో రాజుల చావుల్లో పూలకన్నా గుడ్డే ముఖ్యం. మామూలు జనం ఇంగ్లండులో రోజ్‌మేరీ రెమ్మలు చేతపట్టుకుని నడిచి, గోతిలో వేసేవారు.

కాని ఒక్క దండ గురించి తప్పక చెప్పాలి. హాంప్‌షైర్‌లో ఆబట్స్ ఆన్ అనే చిన్న ఊరు ఉంది. పెళ్ళికాకుండా, మచ్చలేని పేరుతో పోయినవారికి అక్కడ ఒక కిరీటం కట్టేవారు. సన్నటి చెక్క బద్దలు వంచిన చట్రం, దాని మీద తెల్ల కాగితపు గులాబీలు, కింద వేలాడే ఐదు కాగితపు చేతితొడుగులు. తెల్లబట్టలు కట్టిన ఇద్దరు ఆడపిల్లలు దాన్ని పేటిక ముందు మోసుకెళ్ళేవారు. మూడు వారాలు అందరికీ కనబడేలా తగిలించి ఉంచేవారు. చేతితొడుగులు సవాలుకు గుర్తు: ఆ మనిషి నడతను తప్పుపట్టేవారెవరైనా ఉంటే ముందుకు రావచ్చు. ఎవరూ రాకపోతే చర్చిలో పైన గోడకు శాశ్వతంగా వేలాడదీసేవారు. 18వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా వేలాడదీసినవి నలభైకి పైగా ఇంకా అక్కడ ఉన్నాయి. చక్రవర్తుల కోటలు పోయి కాగితపు గులాబీలు మిగలడం చూస్తే నవ్వొస్తుంది.

చనిపోయినవారికి ఉన్నిబట్టే కట్టాలని చట్టం ఉండేదా?

ఇంగ్లండులో ఉండేది. ఉన్ని వ్యాపారం పెంచడానికి 1660ల్లో తెచ్చి, 1678లో బిగించారు. శవానికి ఉన్ని తప్ప మరొకటి చుట్టలేదని ప్రమాణపత్రం ఇవ్వాలి, లేకపోతే ఐదు పౌండ్ల జరిమానా. ప్లేగు శవాలకు మినహాయింపు. జరిమానాలో సగం సమాచారం చెప్పినవాడికి, సగం బీదలకు. నారబట్ట లేకపోతే పరువు పోతుందనుకున్న ధనికులు నారబట్టే చుట్టి, ఇంటి మనిషినే ఫిర్యాదుకు పంపి, సగం డబ్బు వెనక్కి తెచ్చుకునేవారు. బట్టే లేనివాళ్ళ పేరు పక్కన చర్చి లెక్కల్లో "నగ్నం" అని ఒక్క మాట. చట్టాన్ని 1814లో రద్దు చేశారు.

ఈ ఆర్భాటాన్ని ఆపాలని ఎవరూ ప్రయత్నించలేదా?

వియన్నాలో రెండో జోసెఫ్ చక్రవర్తి గట్టిగానే ప్రయత్నించాడు. 1784లో ఆజ్ఞ వేశాడు: శవానికి బట్టలు వద్దు, గోనెసంచిలో కుట్టండి, పేటిక మళ్ళీ మళ్ళీ వాడండి. ఆ పేటిక అడుగున రెండు తలుపులు ఉండేవి. గోతి మీద నిలిపి మీట లాగితే తలుపులు తెరుచుకుని శవం జారిపోయేది. చెక్క ఆదా. లెక్క ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని తండ్రి శవం సంచిలో దబ్బున పడిన చప్పుడు వినమంటే ఏ కొడుకు ఒప్పుకుంటాడు? వియన్నా భగ్గుమంది. 1785 జనవరిలో ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. ఆ పేటిక ఒకటి వియన్నా అంత్యక్రియల మ్యూజియంలో ఉంది. మొజార్ట్‌ను ఇలాంటి పేటికలోనే జారవిడిచారని చాలామంది నమ్ముతారు. ఆయన పోయింది 1791లో, అప్పటికి ఆ ఆజ్ఞ లేదు.

జోసెఫ్ పుట్టిన హాబ్స్‌బర్గ్ రాజవంశమే తన చావుల విషయంలో మరోలా ఉండేది. శరీరం కాపుచిన్ చర్చి నేలమాళిగలో, గుండె వెండి పాత్రలో అగస్టీన్ చర్చిలో, పేగులు సెయింట్ స్టీఫెన్ కేథడ్రల్‌లో. వంశంలో ఎక్కువమందికి చాలాకాలం ఇదే పద్ధతి. జోసెఫ్ తాను మాత్రం తల్లి మరియా థెరీసా ఆర్భాటపు సమాధి పక్కన సాదా రాగిపెట్టెలో పడుకుని ఉన్నాడు. మాట మీద నిలబడ్డాడని ఒప్పుకోవాలి.

కాపుచిన్ చర్చి తలుపు తట్టే ఆచారం పాతదేనా?

అంత పాతదని చెప్పడానికి ఆధారాలు బలంగా లేవు. 1989లో ఆ వంశపు చివరి మహారాణి జీటాకు, 2011 జులై 16న ఆమె కొడుకు ఓటో హాబ్స్‌బర్గ్‌కు జరిగింది మాత్రం లోకమంతా చూసింది. తలుపు తడతారు. "ఎవరు?" బిరుదులన్నీ చదువుతారు. "మాకు తెలియదు." మళ్ళీ తడతారు, చదువులు, పదవులు చెబుతారు. "తెలియదు." మూడోసారి, "ఓటో, పాపి అయిన మామూలు మనిషి" అంటే తలుపు తెరుచుకుంటుంది.

వెల్లింగ్టన్ శవరథం బురదలో దిగబడిందట?

1852 నవంబరు 18, లండన్. వాటర్లూ విజేత డ్యూక్ వెల్లింగ్టన్ శవయాత్ర. చూడడానికి పది లక్షలకు పైగా జనం. వాటర్లూలో పట్టుకున్న ఫ్రెంచి ఫిరంగులు కరిగించి పోసిన కంచురథం, బరువు పది టన్నులకు పైనే. పన్నెండు నల్లగుర్రాలు, బీరు పీపాల బండ్లు లాగే జాతివి. నగరం నడిబొడ్డున చక్రాలు కూరుకుపోయాయి. పోలీసులు కూడా చేయి వేసి లాగవలసి వచ్చింది. సెయింట్ పాల్ కేథడ్రల్ ముందు పేటికను రథం మీంచి దింపే యంత్రం మొరాయించింది. గంటకు పైగా చలిలో అందరూ నిలబడ్డారు. దారి పొడవునా కిటికీలు అద్దెకిచ్చారు, డ్యూక్ ఉత్తరాలు, వెంట్రుకలు అమ్మకానికి పెట్టారు.

దీన్ని ఏవగించుకున్నవాళ్ళలో డికెన్స్ ఒకడు. అప్పటికి లండన్‌లో చావు వ్యాపారం ముదిరిపోయింది. గుమ్మం దగ్గర నల్లబట్ట చుట్టిన కర్రతో ఏడుపు ముఖం పెట్టుకుని నిలబడే కూలి మనుషులు (వాళ్ళను "మూగవాళ్ళు" అనేవారు), నెత్తిన నిప్పుకోడి ఈకల పళ్ళెంతో నడిచేవాడు, విట్బీ ఊరి నల్లరాయి నగలు, తడిస్తే నల్లరంగు ఒంటికి అంటే క్రేప్ గుడ్డ. పేదవాడు కూడా అప్పు చేసి అద్దెకు తెచ్చుకునేవాడు. డికెన్స్ తన వీలునామాలో నల్లపట్టీలు, అంగీలు, పొడవాటి టోపీ గుడ్డలు ఏవీ వద్దని రాశాడు. 1870లో ఆయన మాట ప్రకారం కొద్దిమంది మధ్యనే పూడ్చిపెట్టారు, కాకపోతే వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో.

విక్టోరియా రాణి ఏం కోరుకుంది?

1861లో భర్త పోయింది మొదలు నలభై ఏళ్ళు నలుపు వదలని మనిషి, తన చావుకు మాత్రం నలుపు వద్దంది. తెల్ల దుస్తులు, పెళ్ళినాటి ముసుగు, వీధుల్లో ఊదారంగు. 1901 ఫిబ్రవరి 2న విండ్‌సర్ స్టేషన్ దగ్గర చలికి గుర్రాలు బెదిరి పగ్గాలు తెంచుకున్నాయి. పక్కనే ఉన్న నావికులు తాళ్ళు అందుకుని ఫిరంగి బండిని తామే లాగారు. అవసరానికి చేసిన పని ఆచారమైపోయింది. 2022 సెప్టెంబరు 19న రెండో ఎలిజబెత్ పేటికను అదే బండి మీద 142 మంది నావికులు లాగడం మీరు టీవీలో చూసే ఉంటారు.

ఇవన్నీ ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు?

రాజుల చెక్కబొమ్మలు వెస్ట్‌మిన్‌స్టర్ అబీ పైఅంతస్తులో 2018లో తెరిచిన ప్రదర్శనశాలలో ఉన్నాయి. పోలండు రేకు చిత్రాలు మియెంజిజెచ్ మ్యూజియంలో ఎక్కువ. వెల్లింగ్టన్ రథం ఆయన పల్లెటూరి భవంతి స్ట్రాట్‌ఫీల్డ్ సేలో ఉంది.

అంత దూరం పోలేకపోతే బందరు వెళ్ళండి. అక్కడి డచ్చివారి శ్మశానంలో 17, 18 శతాబ్దాల నాటి వ్యాపారుల సమాధి రాళ్ళు ఉన్నాయి. భీమిలిలోనూ ఉన్నాయి. సరిహద్దు దాటి పులికాట్ వెళితే శ్మశానం ద్వారం దగ్గర రాతి అస్థిపంజరాలే ఎదురవుతాయి. బందరు రాళ్ళ మీద డాలు, దానిపైన శిరస్త్రాణం, చుట్టూ ఆకుల తీగలు చెక్కి ఉంటాయి. సొంత ఊళ్ళో అయితే రంగులద్దిన చెక్కపలక మీద వేయించి ఇంటి ముందు తగిలించేవారు, ఇక్కడ రాయి మీద చెక్కించుకున్నారు. వానలకు అక్షరాలు కొంత అరిగాయి. డాలు మీది బొమ్మను మాత్రం వేలితో తడుముతూ పోతే ఇంకా పోల్చుకోవచ్చు.